బియ్యపుగింజంత గీత

కొత్తపేట ఆసుపత్రుల సందు చివర నా షాపు.
ఒక ప్రింటరు, రెండు కుర్చీలు, కీచుమనే ఫ్యాను.
హాల్‌టికెట్లు, ఆధార్ మార్పులు, రైలు రిజర్వేషన్లు,
ఇంతకు మించి గుంటూరు నన్నేమీ అడిగింది లేదు.

ఆ మధ్యాహ్నం ఏలీయా వచ్చాడు,
బ్యాండు ఎర్రకోటు మడిచి చంకలో పెట్టుకుని.
భుజాల మీది జరీకుచ్చులు సగం రాలిపోయాయి.
"అమ్మాయ్, జపాన్‌లో ఒక క్లారినెట్టు ఉందంట,
చూసిపెడతావా?"
పక్కవీధిలో ఖాళీ ఇల్లేదో ఉందన్నట్టు.

చూశాను.
నల్లకర్ర, వెండిరంగు మీటలు,
తెల్లగుడ్డ మీద పడుకోబెట్టి తీసిన ఇరవైమూడు ఫోటోలు.
కింద చీమలబారు అక్షరాలు.
కంప్యూటరు వాటిని తెలుగు చేసి పెట్టింది:

"ఇది చాలాకాలం అల్మరాలో నిద్రపోయిన వస్తువు.
మూడో మీట దగ్గర బియ్యపుగింజంత గీత ఉంది.
పెట్టెకు పాతవాసన ఉంది.
నాకు వాయించడం రాదు,
మోగుతుందో లేదో చెప్పలేను.
దయచేసి అర్థం చేసుకోగలరు."

ఏలీయా మళ్లీ చదవమన్నాడు.
ఇంకోసారి చదవమన్నాడు.
గీతను పెద్దది చేయించి
తెర మీద వేలితో తడిమి చూశాడు.
"అమ్మేవాడు తప్పులు ముందు చెప్పడమేంటి?"

నాకు నా స్కూటీ గుర్తొచ్చింది.
డాక్టరుగారి భార్య నడిపిన బండమ్మా,
గుడికీ ఇంటికీ తప్ప ఎరగదన్నాడు అమ్మినవాడు.
నెల తిరక్కుండా ఇంజను విప్పించాను.

పద్నాలుగు వేలు.
అన్నీ పదులు, ఇరవైలు.
పెళ్లికొడుకు తలచుట్టూ తిప్పి
బ్యాండు మీదికి విసిరిన నోట్లు,
కొన్నిటికి పసుపు ఇంకా వదల్లేదు.
"రెండు చిరిగినవున్నాయి,
ముందే చెబుతున్నా" అన్నాడు.

ఇక రోజూ పొద్దున్నే గుమ్మంలో నిలబడేవాడు.
ఎక్కడుంది?
ఒసాకాలో.
ఎక్కడుంది?
గాల్లో.
ఎక్కడుంది?
చెన్నైలో, కస్టమ్స్ వాళ్ల దగ్గర.
"అక్కడ ఎండగా ఉందా? కర్ర పగిలిద్దేమో."
పన్ను నాలుగు వేలు చిల్లర.
ఆ వారం రెండు చావులకూ ఒక ఓణీల ఫంక్షనుకూ
రబ్బరుబ్యాండు చుట్టిన పాతదానితోనే వాయించి కట్టాడు.

వచ్చింది.
ఉల్లిపొరల్లా విప్పుతూ పోయాం, అర్థంకాని పేపర్లు.
పెట్టె మూత లోపల
పిల్లల చేతిరాతలో చీటీ ఒకటి అంటించి ఉంది.
ఫోను చూపిస్తే
రెండో సంవత్సరం, మూడో తరగతి అంది.
పేరు మాత్రం ఒకసారి ఒగావా అంది,
ఒకసారి చిన్నవాగు అంది.
పీకేయనా అంటే ఏలీయా నా చెయ్యి పట్టుకున్నాడు.
"ఉండనీ. ఆ పిల్లదేగా."

మొదట బాతు అరిచినట్టు అరిచింది.
తర్వాత అదీ లేదు.
మెత్తలు గట్టిపడ్డాయని
బెజవాడ వన్‌టౌన్‌లో మస్తాన్ దగ్గరికి బస్సులో తీసుకెళ్లాడు,
ఒళ్లో పెట్టుకుని, కిటికీ మూయించి.
పన్నెండొందలు.

నెల తర్వాత నా తెర మీద ఒక ప్రశ్న,
కొన్న వస్తువు ఎలా ఉంది, అమ్మినవారికి రెండు మాటలు రాయండి.
ఏలీయాను పిలిపించాను.
గొంతు సవరించుకున్నాడు,
కోర్టులో సాక్ష్యానికి నిలబడినట్టు నిలబడ్డాడు.

"రాయి.
చెప్పలేనన్నారు కదా, మోగుద్ది.
గీత మీరన్నంత కూడా లేదు.
అడుగుస్వరం ఒక్కటి రావట్లేదు.
అది కర్ర తప్పు కాదండీ, నా ఊపిరిది.
మిర్చియార్డు గోడపక్కనే మా ఇల్లు,
ముప్ఫయ్యేళ్లుగా ఆ ఘాటే పీలుస్తున్నా.
దయచేసి అర్థం చేసుకోగలరు."

అలాగే కొట్టాను.
మీట నొక్కగానే మాటలన్నీ చీమలై బారుకట్టాయి.
వాటిలో ఊపిరి ఏదో, మిర్చి ఏదో
ఎంత వెతికినా నాకు దొరకలేదు.